మిగతా 7వ పేజీలో

అందరికీ నమస్కారం.

“ఈ వారం ఏం చదివారో చెప్పండి, అంతే చాలు. పెద్దగా తయారై రానక్కర్లేదు” అన్నారు నన్ను పిలిచినవాళ్ళు. ఆ “అంతే చాలు”కి పడిపోయి సరేనన్నాను. అదెంత చిక్కో తర్వాత తెలిసొచ్చింది. “మీకు నచ్చిన పుస్తకాల గురించి చెప్పండి” అంటే ఎవరైనా ఇస్త్రీ బట్టలు వేసుకుని వస్తారు. “ఈ వారం ఏం చదివారు” అంటే ఇంట్లో ఎలా ఉంటే అలాగే రావాలి. రెండు మూడు పెద్ద పేర్లు వల్లించి బయటపడదామా అని కూడా అనుకున్నాను. మనసొప్పలేదు.

అందుకని సోమవారం పొద్దున్నుంచి నిన్న రాత్రి దాకా కంటపడి చదివినదల్లా ఒక కాగితం మీద రాసుకుంటూ వచ్చాను. ఇదిగో, ఇదే. జేబులో నలిగి మడతల దగ్గర చిరిగింది. ఇందులో పుస్తకాలు నాలుగే ఉన్నాయి. మిగతావి ఏమిటంటే, కంటిచుక్కల మందు డబ్బాలో మడిచిపెట్టే కాగితం ఒకటి. కళ్ళు బాగాలేనివాడు చదవాల్సిన కాగితాన్ని అంత సన్నటి అక్షరాల్లో అచ్చు వెయ్యాలని ఎవరికి తోచిందో! (నవ్వులు) తర్వాత, బీరువా అరలో పరిచిన పాత పేపరు. పుస్తకాలు తీసి దులుపుతుంటే కనిపించింది. అన్నదమ్ముల ఆస్తి తగాదా. ఎన్నో ఏళ్ళు నడిచిన కేసు. తీర్పు రోజున పెద్దాయన కోర్టులో లేచి నిలబడి... “మిగతా 7వ పేజీలో.” ఏడో పేజీ లేదు. కింది అర కూడా ఖాళీ చేసి చూశాను. అక్కడ పదకొండో పేజీ ఉంది. అందులో క్రికెట్.

దీన్నే మొదట ఎందుకు చెప్పానంటే, వారమంతా నా బుర్రలో ఆ పెద్దాయన నిలబడే ఉన్నాడు. చివర అందకపోతే మనిషికి ఎంత వెలితిగా ఉంటుందో చూడండి. ముక్కూమొహం తెలియని కుటుంబం, ఎప్పుడో తేలిపోయిన తగాదా. అయినా నాకు కావాలి.

నాకు ఈ చివర్ల పిచ్చి కొత్తది కాదు. ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్దాను. ప్రూఫులు దిద్దేవాడికి చదవడం ఒకరకంగా చేతకాదని చెప్పాలి. అర్థం వెంట పడితే తప్పు కనపడదు. కన్ను తనకి కావలసిన అక్షరాన్ని తనే వేసుకుని పోతుంది. అందుకని మాలో కొందరం చివరి పంక్తి చివరి మాట నుంచి మొదలుపెట్టి పైకి వెళ్ళేవాళ్ళం. తెలుగులో తప్పులు ఎక్కువగా మాట చివరే దాక్కుంటాయి. ఒకసారి ఒక సభ ఆహ్వానపత్రం ప్రూఫు నా చేతుల మీదుగానే వెళ్ళింది. “తప్పక విచ్చేయగలరు” అని ఉండాలి. అచ్చయి వచ్చాక చూస్తే “తప్పక విచ్చేయగలరా” అని ఉంది. కొమ్ము పోయి దీర్ఘం వచ్చింది. పిలుపు కాస్తా అనుమానం అయిపోయింది. (నవ్వులు) సభకి జనం బాగానే వచ్చారు లెండి. పంతానికి వచ్చారేమో.

సరే, సోమవారం. వరసగా చెబుతానని మాత్రం అనుకోకండి.

సోమవారం చదివింది మన దేశపు పాత లిపి బ్రాహ్మీని తిరిగి చదవగలిగిన కథ. జేమ్స్ ప్రిన్సెప్ పేరు మీలో చాలామంది విని ఉంటారు. కలకత్తా టంకశాలలో ఉద్యోగి. నాణేలలో లోహం ఎంత మేలిమిదో తేల్చడం ఆయన పని. మిగిలిన పొద్దు పాత నాణేలు, పాత రాతలు. 1837లో ఆయన దగ్గరికి సాంచీ స్తూపం నుంచి చాలా అచ్చుతీతలు వచ్చాయి. రాళ్ళ మీద ఉన్నవి ఉన్నట్టుగా కాగితం మీదకి ఎత్తినవి. అన్నీ చిన్నచిన్న ముక్కలు. ఒక్కొక్కటి ఒక పంక్తి, మహా అయితే రెండు. అప్పటికి ఆ లిపిని పూర్తిగా చదవగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

ఆయన వాటిని చదువుదామని కూర్చోలేదట. అచ్చుకి ఇవ్వడానికి ఒక పుట మీద వరసగా సర్దుతున్నాడు. ఇక్కడ నా ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే అది అచ్చంగా మా పని. సర్దుతూ ఉంటే కనిపించింది: దాదాపు అన్నీ ఒకే రెండు అక్షరాలతో ముగుస్తున్నాయి. అంతే. లిపి తెలియదు, భాష ఏదో రూఢిగా తెలియదు. కానీ విడివిడిగా ఉన్న ఇన్ని చిన్న రాతలు ఒకేలా ముగుస్తున్నాయంటే, అవి ఒక పెద్ద రచన ముక్కలు కావు. ఒకే రకం పని కోసం వేర్వేరు మనుషులు చెక్కించుకున్నవి. గుడికో స్తూపానికో జనం ఏం చెక్కించుకుంటారు? ఇచ్చినదాని గురించి. అయితే ఆ రెండు అక్షరాలు “దానం.” దానికి ముందు మళ్ళీ మళ్ళీ వచ్చే అక్షరం “స”, అంటే “యొక్క.” ఫలానా వారి దానం.

ఒక మాట ముగింపు పట్టుకుంటే లిపి తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత స్తంభాల మీద, కొండరాళ్ళ మీద ఉన్న పెద్ద శాసనాలు చదవడం సాధ్యమైంది. వాటిల్లో పదేపదే “దేవానంపియ పియదసి” అనే రాజు. ఆయన ఎవరో అప్పటికి తెలియదు. సింహళంలో పనిచేస్తున్న జార్జ్ టర్నర్ అనే ఆయన అక్కడి పాళీ గ్రంథంలో చూసి, పియదసి అంటే అశోకుడే అని తేల్చాడు. చెక్కించి రెండు వేల ఏళ్ళు దాటాక ఆ రాజు మాట మళ్ళీ మనిషికి వినిపించింది. ప్రిన్సెప్ ఆరోగ్యం మాత్రం ఆ మరుసటి ఏడాదే పాడైంది. 1840లో పోయాడు. నలభై ఏళ్ళు.

ఇది చదివిన రెండు రోజులకి, వేరే మాట కోసం నిఘంటువు తీశాను. నిఘంటువు తీస్తే నేను వెతికిన మాట దగ్గర ఆగను, దాని ఇరుగుపొరుగు వాళ్ళని కూడా పలకరించి వస్తాను. “చదువు” దగ్గర ఆగిపోయాను. చూడండి, మనకి చదువు అంటే చదవడమూ చదువే, విద్యా చదువే. “వాడికి చదువు రాలేదు” అంటే పుస్తకం చదవలేడనీ కావచ్చు, డిగ్రీ రాలేదనీ కావచ్చు. ఆ పక్కనే “చదివింపులు.” ఎన్నిసార్లు విన్నానో, ఎప్పుడూ ఆలోచించలేదు. కానుకలని చదివింపులని ఎందుకన్నారు? ఇచ్చినవాళ్ళ పేరూ, ఇచ్చిన వస్తువూ అందరికీ వినపడేలా పైకి చదువుతారు కాబట్టి.

అప్పుడు చటుక్కున వెలిగింది. సాంచీ రాళ్ళ మీద ఉన్నవి చదివింపులే కదా! ఫలానా ఆయన దానం, ఫలానా ఆవిడ దానం. ప్రిన్సెప్ నాటికి ఎన్నో వందల ఏళ్ళుగా ఆ జాబితాని పైకి చదివేవాడు లేక ఆగిపోయి ఉంది. నేను సోమవారం ఆ పుస్తకం చదవకపోతే బుధవారం ఈ మాట దగ్గర ఆగేవాణ్ణి కాదు. బుధవారం నిఘంటువు తియ్యకపోతే సోమవారం చదివింది ఒక విశేషంగా మిగిలిపోయేది. ఈ రెండూ ఒకే వారంలో పడటం కేవలం కాకతాళీయం. వారంలో రకరకాలవి చదివితే బుద్ధి వికసిస్తుందని నేను అనను. చాలాసార్లు ఏమీ జరగదు. ఈసారి జరిగింది.

మంగళవారం ఒక నవల మొదలుపెట్టాను. పేరు చెప్పను, రచయిత బతికే ఉన్నారు, పైగా నాకంటే బలంగా ఉన్నారు. (నవ్వులు) నూట పన్నెండో పేజీ దగ్గర నావల్ల కాలేదు. అలా వదిలేసినప్పుడు చివరి పేజీ చదివి మూసేస్తాను, చెడ్డ అలవాటే. చదివాను. ఒకామె కిటికీ మూసింది. ఒకాయన వెనక్కి తిరిగి చూడలేదు. అయితే? ఎవరామె? ఎందుకు చూడలేదు? చివర తెలిసినా ఏమీ తెలియలేదు. బీరువా పేపర్లో నాకు చివర లేదు, ఇక్కడ చివర మాత్రమే ఉంది. రెండూ ఒక్కలాంటి వెలితే. ఆలోచిస్తే, ప్రిన్సెప్‌కి కూడా ఒకే ఒక్క రాత దొరికి ఉంటే, దాని చివరి రెండు అక్షరాల్ని ఎంతసేపు చూసినా నోరు విప్పేవి కావు. చివర మాట్లాడాలంటే అది మరో చోట కూడా రావాలి.

గురువారం ఒక వ్యాసం, కన్ను ఎలా చదువుతుందని. మనం పంక్తి వెంట కన్ను జారుతూ పోతుందనుకుంటాం. అది గెంతుతుంది. గెంతి ఒక చోట దాదాపు పావు సెకను ఆగుతుంది, మళ్ళీ గెంతుతుంది. గెంతుతున్నప్పుడు ఏమీ చదవదు. ఆగినప్పుడే చదువుతుంది. పదింట ఒకసారికి పైగా వెనక్కి కూడా గెంతుతుందట, చదివిందాన్ని మళ్ళీ చూసుకోవడానికి. ఇది తొలిరోజుల్లో గమనించింది 19వ శతాబ్దం చివర్లో, పారిస్‌లో ఎమిల్ జవాల్ అనే కంటివైద్యుడి దగ్గర. అక్కడ లమార్ అనే ఆయన కంటి పైరెప్పకి ఒక చిన్న పరికరం ఆనించి, దాన్ని రబ్బరు గొట్టాలతో చెవికి కలిపి, చదువుతున్న మనిషి కన్ను గెంతినప్పుడల్లా వచ్చే చప్పుడు లెక్కపెట్టాడు. పక్కవాడు చదువుతుంటే ఆ చదువు చప్పుడు వినడం! నాకీ బొమ్మ కళ్ళముందు నుంచి పోవడం లేదు.

ఆ రాత్రి నేనూ ప్రయత్నించాను. గొట్టాలు లేవు కాబట్టి చిన్న అద్దం పెట్టుకుని. అద్దంలో నా కళ్ళని చూసుకుంటే చదవలేను, చదివితే కళ్ళు చూసుకోలేను. పది నిమిషాలు అవస్థపడి మానేశాను. కానీ ఒకటి తోచింది. మనం మాట మీద మాట అంటించుకుంటూ పోతాం. “చదవలేకపోయినవాళ్ళందరికీ” అనేది మనకి ఒక్క మాట. అందులో లేకపోవడం ఉంది, జరిగిపోవడం ఉంది, మనుషులున్నారు, అందరూ ఉన్నారు, వాళ్ళకి ఏదో ఇవ్వబోవడం కూడా ఉంది. ఇదంతా “చదవ” తర్వాతే. ప్రూఫులు దిద్దేటప్పుడు నా కన్ను ఇలాంటి మాట తోక దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగేదని నాకు గట్టి నమ్మకం.

ఇప్పుడు శుక్రవారం సంగతి. ఈ వారం మొత్తానికి నన్ను బాగా పట్టుకున్నది ఇదే. కాస్త నిదానంగా చెబుతాను.

గ్రీసు దగ్గరి క్రీటు ద్వీపంలో క్నోసోస్ అనే చోట 1900లో ఆర్థర్ ఎవాన్స్ తవ్వకాలు మొదలుపెడితే మట్టి పలకలు బయటపడ్డాయి. పచ్చి మట్టి మీద గీసిన రాత. రాజభవనం తగలబడితే ఆ మంటలో కాలి గట్టిపడి నిలిచాయి. భవనం కాలకపోతే రాతలు కరిగిపోయేవి. ఆ లిపికి లీనియర్ బి అని పేరు పెట్టారు. యాభై ఏళ్ళు ఎవరికీ కొరుకుడు పడలేదు. ఎవరికి వాళ్ళు ఇది ఈ భాష, ఇది ఆ భాష అని ఊహించి చదివేశామనేవాళ్ళు.

న్యూయార్క్‌లో ఆలిస్ కోబర్ అనే అధ్యాపకురాలు ఉండేది. బ్రుక్లిన్ కాలేజీలో గ్రీకు, లాటిన్ చెప్పేది. ఆవిడ పట్టు ఒక్కటే: భాష ఏదో ఊహించవద్దు, ఏ గుర్తు ఏ శబ్దమో ఊహించవద్దు. ముందు ఏది దేని పక్కన ఎన్నిసార్లు వస్తుందో చూడండి. చూడాలంటే చీటీలు రాసుకోవాలి. రెండో ప్రపంచయుద్ధం రోజులు, కాగితం దొరకదు. పాత శుభాకాంక్షల కార్డుల వెనక, చర్చి కరపత్రాల వెనక, గ్రంథాలయం వాళ్ళ చీటీల వెనక రాసుకుంది. కత్తెరతో ఒకే కొలతకి కత్తిరించుకుని. లక్షా ఎనభై వేల చీటీలు. వాటిని సిగరెట్ల డబ్బాల్లో దాచేది. సిగరెట్లు బాగా తాగేది కాబట్టి డబ్బాలకి కొదవ లేదు.

ఆ చీటీలలోంచి ఆవిడకి కనిపించినవి మాటల చివర్లు. మొదలు ఒకేలా ఉండి చివర మారే మాటలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. అంటే ఇది చివరలు మార్చుకునే భాష. పలకల కింద “మొత్తం” అనే గుర్తు వస్తుంది, లెక్క కూడినట్టు. ఆ “మొత్తం” రెండు రకాలుగా ఉంది. మగవాళ్ళ బొమ్మ ఉన్న జాబితాల కింద ఒక రూపం, ఆడవాళ్ళ బొమ్మ ఉన్న జాబితాల కింద ఇంకో రూపం. పశువుల జాబితాలలోనూ అంతే. ఒక్క శబ్దం కూడా పలకడం రాని భాషలో ఆడ మగ తేడా ఎక్కడుందో ఆవిడ చూపించింది.

ఇక్కడ పుస్తకం మూసి కాసేపు ఆలోచించాను. కోబర్ చేతికి తెలుగు పలకలు వచ్చి ఉంటే ఏమయ్యేది? “వచ్చాడు” అని ఒక డబ్బాలో వేస్తుంది. “వచ్చింది” అని ఇంకో డబ్బాలో. ఆ రెండో డబ్బాలో ఏముంటాయి? అమ్మ వచ్చింది. వాన వచ్చింది. ఉత్తరం వచ్చింది. కోపం వచ్చింది. అమ్మ, వాన, ఉత్తరం, కోపం, అన్నీ ఒకే డబ్బాలో! “వీళ్ళు అమ్మని వానతో కలిపి లెక్కపెట్టే మనుషులు” అని రాసుకునేదేమో. ఆ పక్కన “వచ్చారు” డబ్బా తీస్తే మళ్ళీ ఆడామగా అందరూ కలిసే ఉంటారు, ఒక్కరే అయినా గౌరవిస్తే అందులోకే వచ్చేస్తారు. ఆవిడకి ఎన్ని చీటీలు పట్టేవో! పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న భాష, ముప్పై ఏళ్ళు తోకలు దిద్దిన భాష. అందులో అమ్మా వానా ఒకే తలుపులోంచి లోపలికి వస్తారని నాకు చెప్పడానికి తెలుగు ముక్క రాని ఒకావిడ కావలసివచ్చింది.

కోబర్ 1950లో, నలభై మూడేళ్ళకి పోయింది. లిపి చదవడం చూడలేదు. 1952లో మైకేల్ వెంట్రిస్ చదివాడు. ఆయన వృత్తిరీత్యా భవనాల రూపశిల్పి. కోబర్ తేల్చిన చివరల మీద నిలబడే ముందుకు వెళ్ళాడు. ఆ భాష గ్రీకు కాదనే ఆయనా చాలాకాలం నమ్మాడు. తీరా అది గ్రీకే అని తేలింది, మనకి తెలిసిన గ్రీకు రాతలన్నిటికన్నా పాతది. ఇంతకీ ఆ పలకల్లో ఏముందంటారు? యుద్ధగాథలా, ప్రేమకథలా? గొర్రెల లెక్క. ఉన్ని లెక్క, నూనె లెక్క, రథచక్రాల లెక్క. పనివాళ్ళకి ఎంత తిండిగింజలు కొలిచారన్న లెక్క. కొంతమందికి ఇది నిరాశగా ఉంటుంది. నాకు మాత్రం హాయిగా అనిపించింది. నా కాగితం మీద కంటిచుక్కల మందు ఉండటం అంత తప్పేమీ కాదు.

శనివారం గురించి గబగబా చెప్పేస్తాను. మెండెల్ బఠానీల మీద చేసిన పని. బడిలో చదువుకున్నదే, మళ్ళీ చదివాను. గుండ్రటి గింజల మొక్కనీ ముడతల గింజల మొక్కనీ కలిపితే మొదటి తరంలో అన్నీ గుండ్రటివే. ముడత మాయం. ఆ తర్వాతి తరంలో ముడత మళ్ళీ వచ్చింది: 5,474 గుండ్రటివి, 1,850 ముడతవి. మూడింటికి ఒకటి. నాకు ఆశ్చర్యం ఆ నిష్పత్తి కాదు. 7,324 గింజల్ని ఒక్కొక్కటీ చేత్తో తీసి చూసిన ఓపిక. దాన్ని 1866లో అచ్చు వేస్తే 1900 దాకా దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. ముప్పై నాలుగేళ్ళు. మ్యూనిక్‌లో నెగేలీ అనే పెద్ద శాస్త్రవేత్తకి రాస్తే, ఆయన తను పనిచేస్తున్న వేరే మొక్క మీద చెయ్యమని ప్రోత్సహించాడు. ఆ మొక్క చాలావరకు ఫలదీకరణం లేకుండానే విత్తనం కడుతుంది. అందులో ఆ లెక్క రాదు. మెండెల్ ఏళ్ళ తరబడి దానితో కుస్తీపట్టాడు, పాపం. మళ్ళీ మళ్ళీ వచ్చేదాన్ని పట్టుకున్నవాడికి, అది రాని చోటు చూపించారు.

ఇంతసేపూ వింటూ మీరు అనుకుంటూ ఉంటారు, ఈయనకి ఎక్కడ చూసినా చివర్లూ, తిరిగి రావడాలే కనిపిస్తున్నాయని. నిజమే. వృత్తిరోగం. వంటవాణ్ణి పిలిచి ఉంటే ఇవే పుస్తకాల్లో ఇంకేదో చూసేవాడు.

ఇక నిన్న, ఆదివారం. కొత్తది ఏదీ ముట్టుకోలేదు. పాతికేళ్ళ కిందట చదివిన ఒక పుస్తకం తీశాను. ఊరికే తిరగేస్తుంటే 211వ పేజీలో, కింది అంచున, పెన్సిల్‌తో నా రాత. అక్షరాలు కాస్త పాలిపోయాయి కానీ నావే. “ఇక్కడ కూడా.” దాని కింద రెండు గీతలు. కాగితం వెనక్కి గాటు పడేంత గట్టిగా గీశాను. అంటే అప్పుడు ఏదో కనిపెట్టాననుకుని లేచి కూర్చుని ఉంటాను.

ఆ పేజీ నాలుగుసార్లు చదివాను. ఒకాయన ఉత్తరం చింపి పారేస్తాడు, వాళ్ళమ్మాయి అడిగితే కరెంటు బిల్లు అంటాడు. అంతే. ఇక్కడ కూడా ఏమిటి? ఉత్తరమా, చింపడమా, అబద్ధమా, అమ్మాయా? ఇక్కడ కూడా అన్నానంటే, ఇంతకుముందు ఎక్కడో ఒక చోట ఉండాలి. ఆ మొదటి చోట గీత ఉంటుందని మొత్తం తిరగేశాను. పెన్సిల్ గుర్తులు అయిదు దొరికాయి. మూడు అచ్చుతప్పులు దిద్దినవి. ఒకటి ఏదో ఫోన్ నంబరు. ఒకటి టీ మరక, దాన్ని గుర్తు అనుకున్నాను. మొదటి చోట నేను ఏమీ గీయలేదు. గీయకూడదు కూడా లెండి. అది రెండోసారి వచ్చేదాకా మొదటిది మొదటిదని ఎవరికి తెలుస్తుంది?

పోనీ ఆ మొదటి చోటు ఈ పుస్తకంలోనే లేదేమో. ఆ వారం చదివిన ఇంకేదో పుస్తకంలో ఉందేమో. ఆ వారం ఏం చదివానో నాకు తెలియదు. అప్పుడు ఇలా కాగితం మీద రాసి పెట్టమని అడిగినవాళ్ళు లేరు.

నిన్న సాయంత్రం ఆ పుస్తకం మొదటి పేజీ నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి తిన్నగానే, కింది నుంచి పైకి కాదు. ఇక్కడికి వచ్చేటప్పటికి 64వ పేజీలో ఉన్నాను. ఇంకా ఎవరూ ఏ ఉత్తరమూ చింపలేదు.